పెన్ను చప్పుడు

టీకాలంటే జనం ఎందుకు వెనకాడుతున్నారో తేల్చే పరిశోధన బృందంలో, ఇంటింటికీ తిరిగి తల్లులతో మాట్లాడే పని ఆయనది. మనిషికి ఒక్కచోట కుదురుండదు. కుర్చీ అంచునే కూర్చుంటాడు, టీ నిలబడే తాగుతాడు, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. కుడిచేతి బొటనవేలు మాత్రం పొద్దస్తమానం పెన్ను మీటను టిక్కుటిక్కుమని నొక్కుతూనే ఉంటుంది. బృందంలో అందరూ వెనకాల ఆయన్ని గడియారం సారంటారు. నలభై ఇళ్ళు తిరిగొచ్చాడు. ముప్పై ఇళ్ళలో తల్లులు చెప్పిన కారణం ఒకటే, తీరిక దొరకలేదని. ఆ మాటే నివేదికలోకి ఎక్కబోతుంటే, రికార్డింగులు విని కాగితం మీద పెట్టే అమ్మాయి తన ఇయర్‌ఫోన్లు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఒకసారి మీరే వినండి సార్."

ఒక తల్లి గొంతు: "మా పెద్దదానికి సూది వేయించిన మర్నాడు..." టిక్కు, టిక్కు. "ఏం లేదులెండి. తీరిక దొరకలేదు." ఇంకో గొంతు. మళ్ళీ టిక్కు, మళ్ళీ అదే జవాబు. ఆరో గొంతు దాకా విన్నాక ఆయన పెన్ను ఆ అమ్మాయి బల్ల మీదే వదిలేసి, మొదటి తల్లి ఇంటికి తిరిగి వెళ్ళాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక తొడల కింద దాచుకున్నాడు. మోకాళ్ళు ఊగబోతే మడమలు నేలకు అదిమిపట్టాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ చాలాసేపు ఆయన వంకే చూసింది. తర్వాత మడతలు పక్కకు నెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ మీకు తీరిక దొరికినట్టుందండీ," అని, పెద్దదాని సంగతి మొదటినుంచీ ఎత్తుకుంది.