చెంప ఆనించి చూస్తే

జెద్దాలో షరఫియా బజారు కళ్ళజోళ్ళ షాపులో పదకొండేళ్ళు అమ్మకాలు చూసిన జాబేజ్, కౌంటర్లో సౌదీలే ఉండాలని నితాఖాత్ రూలు వచ్చాక వెనకగదిలో అద్దాలు అరగదీస్తున్నాడు. అతనికి కాలు నిలవదు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తాడు, తలుపు సందులోంచి తొంగి చూస్తాడు, వీధిలో ఏ కారు ఆగినా చప్పున వెనక్కి తగ్గుతాడు. ఆ సాయంత్రం ఒక సౌదీ పెద్దాయన వచ్చి, స్కోపున్న రైఫిల్‌తో గురి చూడటానికి కాంటాక్ట్ లెన్సులు మంచివా, కళ్ళజోడా అని అడిగాడు. కౌంటర్లో కొత్తగా చేరిన సౌదీ కుర్రాడు మాజిద్ తెల్లమొహం వేశాడు. “వెళ్ళకురా, తనిఖీవాళ్ళు చూశారంటే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు,” అన్నాడు లోపల తోటి పనివాడు ఆదాము. జాబేజ్ అప్పటికే చీపురుకర్ర పుచ్చుకుని బయటికొచ్చేశాడు. దాన్ని తుపాకీలా పట్టించి, పెద్దాయన చెంప కర్రకి ఆనించి, అరబీలో చెప్పాడు: “తల వంచారు కదా, చూపు కళ్ళజోడు అద్దం మధ్యలోంచి పోవట్లేదు, పైఅంచులోంచి పోతోంది. అందుకే మసక. లెన్సయితే కంటితోపాటే కదులుతుంది. ఇసకగాలి ఉన్నరోజు మాత్రం కళ్ళజోడే పెట్టుకోండి.” చెబుతున్నంతసేపూ అతను ఒక్కసారి కూడా వీధివైపు చూడలేదు. పెద్దాయన లెన్సులకి ఆర్డరిచ్చి, “మళ్ళీ వస్తే నిన్నే అడుగుతాను, పేరేంటి?” అన్నాడు. జాబేజ్ ఒకసారి వీధివైపు చూశాడు. తరవాత, “మాజిద్,” అని పక్కనున్నవాణ్ణి చూపించాడు.