గోడలో చప్పుడు

కరోనా తర్వాత సినిమా హాళ్లు మళ్లీ తెరుచుకున్న ఏడాది అది. కరీంనగర్‌లో ఒక థియేటర్‌లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. భయపెట్టే సినిమాలు చాలా ఆడించాను, జనం అరవడం నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు మ్యాట్నీలో విన్న అరుపు వేరు.

బిడ్డ చావును కళ్లారా చూసి మతి చెదిరిపోతున్న తల్లి కథ ఆ సినిమా. గోడలోంచి ఎవరో కొడుతున్నట్టు ఆమెకు వినిపిస్తుంటుంది. ఆ చప్పుడు సరౌండ్ స్పీకర్లలోంచి, అంటే హాలు పక్కగోడలకు బిగించిన వాటిలోంచి వస్తుంది. చూసేవాళ్లకు తమ పక్కనే కొడుతున్నట్టు ఉంటుంది.

చప్పుడు మొదలవగానే ఒకాయన లేచి గోడ దగ్గరికి పరుగెత్తాడు. గోడకు అతికించిన గుడ్డను గోళ్లతో చీలుస్తూ, “లోపట మనిషున్నడు! తలుపు తియ్యుండ్రి!” అని అరిచాడు. తాగి వచ్చాడనుకుని జనం నవ్వారు. కొందరు ఫోన్లు పైకెత్తి వీడియో తీశారు. నేను సినిమా ఆపి, లైట్లు వేసి కిందికి ఉరికాను.

సినిమా ఆగడంతో స్పీకర్లలో చప్పుడు కూడా ఆగిపోయింది. ఆయన వేళ్ల నుంచి నెత్తురు కారుతోంది. గోడకు చెవి ఆనించి నాతో మెల్లగా అన్నాడు: “ఇంకా కొడుతనే ఉన్నడు తమ్మీ. ఇనవడ్తలేదా?”

ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

ఆయన పేరు రాజేశం. దుబాయ్‌కు కూలికి పోయి కొన్ని నెలల క్రితమే తిరిగొచ్చాడు. వెంట సినిమాకు వచ్చిన భార్య పద్మ ఆయన చేతులు పట్టుకుని, “ఎవలయ్యా లోపట?” అంది.

“మల్లేశం. రూముకు మంట అంటుకున్నది. గడియ ఇరికింది. బయటికెల్లి గుంజిన, గుంజిన... రాలే. కొట్టుకుంట కొట్టుకుంట ఆగిపోయిండు.”

పద్మ అక్కడే కూలబడింది.

“మల్లేశం నా తమ్ముడే అన్నా, ఈయనతోనే దుబాయ్‌ల ఉండె,” అంది నాతో. “గుండెపోటుతోటి సచ్చిపోయిండన్నడు ఈయన మాకు. శవం వచ్చిన పెట్టె గూడ తెరువనియ్యలే.”

ఏడుస్తూనే లేచి, ఆయన వేళ్లకు తన కొంగు చుట్టింది. ఆటో పిలిచి ఇద్దరినీ నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. చూసిన ఘోరం మనసులో గాయమై మిగిలిందని, మందులతోపాటు మాట్లాడించడం కూడా వైద్యమేనని డాక్టర్ చెప్పాడు.

కొన్ని నెలలకు, ఆసుపత్రికి వచ్చినప్పుడు ఇద్దరూ నన్ను చూడటానికి వచ్చారు. రాజేశం అడిగాడు: “గా పిక్చర్ల ఆమెకు ఆఖరికి బాగైతదా తమ్మీ?”

అబద్ధం చెప్పబోయి ఆగాను. “బాగు కాదన్నా.”

ఆయన తల దించుకున్నాడు. పద్మ అంది: “ఆమె పక్కపొంటి ఎవలు లేరు గావచ్చు.”

లైట్లు వేస్తే భయం పోతుందని అంతవరకూ అనుకునేవాణ్ని. ఇప్పుడు హాల్లో ఎవరైనా అలా లేస్తే, లైట్లు వేసి ఊరుకోను. కిందికి దిగి వాళ్ల పక్కన కూర్చుంటాను.