మురుకుల గొట్టంతో ఎడారికి

మొన్న శుక్రవారం నుంచి మా బైక్ గ్రూపులో నన్ను శ్రీనివాస్ అని పిలిచే మనిషి లేడు. అందరికీ నేను 'గొట్టం అన్న'ని. ఎందుకో చెబుతాను, చాయ్ పోసుకుని కూర్చోండి. నవ్వొస్తే నవ్వండి గానీ మధ్యలో ఆపకండి. ఒకసారి ఆపితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

మస్కట్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో నేను స్టోర్ కీపర్‌ని. మాది జగిత్యాల వైపు. నా స్టోర్‌లోకి వచ్చే ప్రతి డబ్బా మూత తీసి, లోపల సామాను కళ్లతో చూసి, అప్పుడే సంతకం పెడతాను. సైట్ ఇంజనీర్లు తొందరపెట్టినా వినను. "మూత తీయకుండా నమ్మేవాడు స్టోర్ కీపర్ కాదు" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ క్లాసు పీకుతాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకు గుర్తుంటే ఇదంతా జరిగేది కాదు.

మా బైక్ గ్రూపులో నలుగురం తెలుగువాళ్లం. అల్ ఖువైర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే ప్రభాకర్ సార్ మా లీడర్. నిజామాబాద్ గంగన్న మా కంపెనీలోనే ఫోర్‌మన్, నాకు రూమ్‌మేట్‌గా ఉన్నప్పటి నుంచీ దోస్తు. నాలుగో మనిషి సునీత. భీమవరం పిల్ల, హాస్పిటల్‌లో నర్సు. బండి మాత్రం మా ముగ్గురికన్నా బాగా నడుపుతుంది, ఆ మాట మేము పైకి ఒప్పుకోము. చలికాలంలో పెద్ద రైడ్ అనుకున్నాం. షినాస్ దగ్గర బోర్డర్ దాటి దుబాయ్, అక్కడి నుంచి సౌదీ ఎడారి, ఆ తర్వాత ఎర్ర సముద్రం. దానికి రిహార్సల్‌గా మొన్న గురువారం మస్కట్ నుంచి సముద్రం పక్కనే సూర్ దాకా వెళ్లి, లోపలికి తిరిగి బిదియా ఇసుకలో రాత్రి క్యాంపు వేసి, శుక్రవారం వెనక్కి రావాలి. అంతే ప్లాన్.

పెద్ద రైడ్‌కి టెక్నికల్ ఇన్‌చార్జ్ ఎవరు అనేది ఇంకా తేలలేదు. నాకు ఆ పోస్టు మీద కన్నుంది. రిహార్సల్‌కి పంపు నేనే తెస్తానని ముందుకొచ్చాను. ఇసుకలోకి వెళ్లేటప్పుడు టైర్లలో గాలి సగానికి సగం తీసేయాలి, లేకపోతే బండి కూరుకుపోతుంది. మళ్లీ రోడ్డెక్కగానే గాలి కొట్టాలి, లేకపోతే ఆ మెత్తటి టైర్లతో స్పీడ్ పోతే మనిషి మిగలడు. మేము రోడ్డెక్కేది శుక్రవారం. ఆ మధ్యాహ్నం నమాజుకి పంక్చర్ షాపులన్నీ మూస్తారు. అందుకే సొంత పంపు ఉండాలని అందరికీ లెక్చరిచ్చింది నేనే.

గురువారం సాయంత్రం ఇసుక మొదలయ్యే చోట ఆగాం. జాకెట్ జేబులోంచి గేజ్ తీసి, డాక్టరు బీపీ చూసినట్టు ఒక్కో టైరు దగ్గర కూర్చుని గాలి తీయడం మొదలుపెట్టాను. సునీత వంతు వచ్చింది. ఆమె వెంటనే టైరు ఇవ్వలేదు.

"అన్నా, గాలి తీసే ముందు పంపు ఒకసారి చూసుకుందామా? రేపు మధ్యాహ్నం నాకు డ్యూటీ ఉందండి."

డ్యూటీ సంగతి మా అందరికీ తెలుసు. వాళ్ల వార్డులో ప్రమీల అనే అమ్మాయి చెల్లెలి పెళ్లికి శుక్రవారం సాయంత్రం ఫ్లైట్‌లో ఇండియా వెళ్లాలి. సునీత వచ్చి చార్జ్ తీసుకుంటే తప్ప ఆమె వార్డు వదిలి కదలడానికి లేదు. ఇంత తెలిసి కూడా నాకు ఆ ప్రశ్న గుచ్చుకుంది. స్టోర్ కీపర్‌ని పట్టుకుని సామాను ఉందా అంటుందా అని.

"పదకొండేళ్ల సర్వీసు చెల్లె నాది" అన్నాను. "నీ టైరు ఇటియ్యి."

బ్యాగు బండికి కట్టే ఉంది. చెయ్యి వేసి అటూ ఇటూ ఊపి చూపించాను కూడా. లోపల గలగలమంది. "విన్నవా, నాజిల్స్" అన్నాను. ఆమె బండి నా వైపు తిప్పింది.

రాత్రి క్యాంపు బాగా జరిగింది, దాని గురించి చెప్పను. తెల్లారాక జరిగింది చెబుతాను. సునీత పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని రెడీ అయింది. నమాజు టైముకు ముందే రోడ్డెక్కితే మంచిదంది. నేను, పంపు మన దగ్గరుండగా తొందరేంటని, ఉప్మా చేశాను. జీడిపప్పు కూడా వేశాను. తర్వాత ఇసుక దిబ్బ మీద నిలబడి ఫోటోలు. గంగన్న నా ఫోటో తీస్తుంటే ఎండ ఎటు నుంచి పడాలో కూడా నేనే చెప్పాను. ఆ తర్వాత నా బండే రెండుసార్లు ఇసుకలో పడింది, లేపడానికి ముగ్గురూ రావాల్సి వచ్చింది. తారు రోడ్డు చేరేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. ఊరి మొదట్లో ఉన్న పంక్చర్ షాపు షట్టర్ దించేసి ఉంది. కాస్త అవతల మసీదు మైకు వినిపిస్తోంది.

"పరవాలేదు" అన్నాను చాలా స్టైల్‌గా. "శీను ఉండంగ షాపెందుకు?"

నల్ల గుడ్డ బ్యాగు విప్పి, చెయ్యి పెట్టి బయటకు లాగాను.

ఇత్తడి గొట్టం. మా అత్తగారు నా భార్య లతకు పెళ్లిలో ఇచ్చిన మురుకుల గొట్టం. రెండు వైపులా పిడులు, మెరిసిపోతోంది. బ్యాగు అడుగున నేను నాజిల్స్ అనుకున్నవి నక్షత్రం బిళ్ల, చిన్న చిల్లుల బిళ్ల, పకోడీల బిళ్ల.

ఏమైందంటే, కంపెనీ సేఫ్టీ ప్రోగ్రామ్‌లో ఇచ్చిన నల్ల బ్యాగులు మా ఇంట్లో రెండున్నాయి. బాల్కనీ అలమారలో ఒకదాంట్లో పంపు, ఒకదాంట్లో గొట్టం. రెండూ ఒకే బరువు. నేను మూత తీయలేదు. అంతే కథ.

ముందు గంగన్న వచ్చి చూశాడు. గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, పిడి పైకి లాగి కిందికి నొక్కి, సీరియస్‌గా సునీత బండి టైరు దగ్గరికి తీసుకెళ్లాడు. "గాలి అయితే వస్తలేదు గని శీను, పిండి పెడితె ముందటి టైరుకు నాలుగు చుట్లు వస్తయ్" అని దాన్ని తిరిగి నా చేతిలో పెట్టాడు. వాడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ప్రభాకర్ సార్ మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ పక్కకు తిరిగారు.

అప్పుడే సిగ్నల్ వచ్చింది. నా ఫోను వరసగా మోగడం మొదలుపెట్టింది, అన్నీ లత మెసేజ్‌లు. ఆ రోజు పక్క ఫ్లాట్ల మలయాళీ, తమిళ ఆడవాళ్లను పిలిచి మన మురుకులు ఎలా చేస్తారో నేర్పిస్తానంది లత. ఆఖరి మెసేజ్ ఒక ఫోటో: పొయ్యి మీద నూనె, పళ్లెంలో తడిపిన పిండి, పిండి పక్కన నా టైరు పంపు, వెనకాల నలుగురు ఆడవాళ్ల చేతులు. ఫోటో కింద ఒకే ఒక్క లైను: 'దీంట్ల పిండి ఎటు నుంచి పెట్టాలె?'

ఇదంతా ఒక ఎత్తు. పక్కన సునీత ఫోన్ చేస్తోంది, అది ఇంకో ఎత్తు. ఆమె నన్ను ఒక్క మాట అంటే నా ప్రాణం కుదుటపడేది. మాకు వీపు తిప్పి నిలబడి, నెమ్మదిగా మాట్లాడింది.

"ప్రమీలా, కొంచెం లేటవుద్దే. నువ్వు కంగారు పడకు. సూట్‌కేసు వార్డుకే తెప్పించుకుని ఉంచుకో. నేను వచ్చేస్తాను." అవతల ఏమందో గానీ, "లేదులే, ఎవరి తప్పూ కాదు" అంది.

ఎవరి తప్పూ కాదంట. ఆ మాటకి ఎండలో కూడా నాకు చలేసింది. మెత్తటి టైర్లతోనే మెల్లగా పోతానని ఆమె బండి స్టార్ట్ చేసింది. ప్రభాకర్ సార్ తాళం లాగేసుకున్నారు. ఒక పెళ్లికి అక్క అందకపోతే అది నా ఉప్మా వల్ల, నా ఫోటోల వల్ల, నా గొట్టం వల్ల. రోడ్డు మధ్యలోకి వెళ్లి వచ్చే బండ్లకు చెయ్యి ఊపడం మొదలుపెట్టాను. ఆ చేతిలో గొట్టం అలాగే ఉందని తర్వాత గంగన్న చెబితే గానీ నాకు తెలియదు.

ఒక పికప్ ఆగింది. పాదాల దాకా తెల్లటి దిష్‌దాషా వేసుకున్న పెద్దాయన, మసీదుకు వెళ్తున్నాడు. అత్తరు వాసన గుప్పుమంది. ఏమైందని హిందీలో అడిగాడు. నాకొచ్చిన హిందీ, అరబిక్ అన్నీ కలిపి టైరు అన్నాను, హవా అన్నాను, ముస్తష్ఫా అన్నాను, సునీతను చూపించి డ్యూటీ అన్నాను. హాస్పిటల్ మాట వినగానే ఆయన మసీదు వైపు ఒకసారి చూశాడు. లోపల ప్రసంగం మొదలైపోయింది. అయినా దిగాడు. దిష్‌దాషా అంచు పైకి పట్టుకుని, సీటు వెనక నుంచి కంప్రెసర్ తీశాడు. ఇసుక పక్కన బతికేవాళ్ల బండ్లలో అది ఉండనే ఉంటుంది. బానెట్ ఎత్తి బ్యాటరీకి తగిలించి, సునీత బండికి రెండు టైర్లలో గాలి తనే కొట్టాడు. గేజ్ నేను పట్టుకున్నాను. నా చేతిలో పనికొచ్చే వస్తువు అదొక్కటే.

ఆ తర్వాత ఆయన చేసింది చూడండి. ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, తాళం బండికే వదిలేసి, "మీరు కొట్టుకోండి, నమాజు చేసుకుని వస్తాను" అని మసీదుకు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మా పేర్లు కూడా అడగలేదు. నేను స్టోర్‌లో గంగన్నకు స్క్రూడ్రైవర్ కూడా సంతకం లేకుండా ఇవ్వను. అక్కడ నిలబడి ఆ పికప్‌ను చూస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ప్రభాకర్ సార్ బండికి గాలి కొట్టగానే ఆయనా సునీతా మస్కట్ వైపు వెళ్లిపోయారు. నేనూ గంగన్నా పికప్‌కి కాపలా ఉన్నాం. నమాజు అయ్యాక పెద్దాయన వచ్చాడు, ఒంటరిగా రాలేదు. తమ్ముళ్లు, అల్లుళ్లు, పంక్చర్ షాపు బంగ్లాదేశీ, ఇంకో పదిమంది. అందరి చూపూ గొట్టం మీదే. ఏంటది అని పెద్దాయన అడిగాడు. గంగన్న ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు, లత పంపిన ఫోటోతో సహా. ఆయన అంతా విని, గొట్టాన్ని చేతిలో తిప్పి చూసి, హిందీలో తాపీగా అన్నాడు. "అంటే ఇక్కడ టైర్లోకి పిండి, అక్కడ కడాయిలోకి గాలి. అంతేనా?"

మసీదు దగ్గర అంత నవ్వు ఆ ఊళ్లో ఎప్పుడూ విని ఉండరు. ఆయన నవ్వుతూనే ఖర్జూరాలు, వాళ్ల కావా కాఫీ పెట్టించాడు. ఈసారి వస్తే ఆ గొట్టంతో చేసింది ఏదో తెచ్చి పెట్టమన్నాడు. తెస్తానని చేతిలో చెయ్యి వేశాను.

ఇంటికి వెళ్తే లత తలుపు తీసి, పంపు నా చేతికిచ్చి గొట్టం తీసుకుంది. పంపు నిండా పిండి మరకలు. ఎవరో ప్రయత్నం కూడా చేసినట్టున్నారు.

ప్రమీల ఫ్లైట్ అందుకుంది. యూనిఫాంలోనే టాక్సీ ఎక్కి, ఎయిర్‌పోర్టు బాత్రూంలో చీర మార్చుకుని, ఆఖరి మనిషిగా లోపలికి వెళ్లిందట. ఆ కబురు తెలిసేదాకా నేను అన్నం తినలేదు, తిన్నట్టు నటించాను. మర్నాడు లత మురుకులు చేసి స్టీలు డబ్బాలో పెట్టింది. సునీతకు సారీ చెప్పాలని డ్యూటీ టైముకి హాస్పిటల్‌కి పోయాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను గానీ, ఆమె ఎదురుగా వచ్చేసరికి "చెల్లె, నువ్వు అడిగిననాడే చూపించాల్సింది" అన్న ఒక్క ముక్కే బయటకొచ్చింది.

"పోనీలెండి అన్నా, ప్రమీల వెళ్లిపోయిందిగా" అంది సునీత. చేతిలో పెట్టిన డబ్బా తీసుకుంది. థాంక్స్ చెప్పింది. వెళ్లబోయి ఆగింది. నా ముందే మూత తీసి, లోపల మురుకులే ఉన్నాయని చూసుకుని, మళ్లీ బిగించింది.

"ఏమనుకోకండి అన్నా" అంది.

ఏమనుకుంటాను? పదకొండేళ్లుగా నేను అందరికీ చెప్పేది అదేగా. పెద్ద రైడ్‌కి టెక్నికల్ ఇన్‌చార్జ్‌గా సునీత పేరు ఖాయమైంది. నాకూ ఒక బాధ్యత ఇచ్చారు, మురుకులు తేవడం. అది కూడా లత సంచి కట్టి, మా ఇంటి గుమ్మంలోనే ప్రభాకర్ సార్ చేతికి స్వయంగా ఇవ్వాలన్న షరతు మీద.