మా అమ్మాయి తరఫున నేను చెప్పిన జవాబు

నేను గల్ఫ్‌లోని రువైస్‌లో ఒక రిఫైనరీ భద్రతా విభాగంలో పనిచేస్తాను. సైరన్ మోగితే ఎవరు ఎటు వెళ్ళాలో నేర్పడం నా ఉద్యోగం. మా అమ్మాయికి పుట్టుక నుంచీ వినపడదు. నా భయం ఏమిటో ఇంతకంటే చెప్పక్కర్లేదు. కాలనీలో సైరన్ పరీక్షించినప్పుడల్లా తను బాల్కనీలో బట్టలు ఆరేస్తూ అలాగే నిలబడి ఉంటే, ఉత్తుత్తి సైరనే అని తెలిసినా నా కాళ్ళు తన వైపు నడిచేవి.

తను అబూదాబీలో డిగ్రీ మూడో ఏడాదిలో ఉండగా, అక్కడ బధిర విద్యార్థుల బాగోగులు చూసే మేడమ్ తల్లిదండ్రుల్ని పిలిపించింది. ఒక సెమిస్టర్ స్కాట్లండ్‌లో చదివే వీలుందనీ, మిగతా పిల్లలు వెళ్తున్నప్పుడు వీళ్ళెందుకు ఆగాలనీ అడిగింది. "పిల్లలకు ధైర్యం చెప్పడం తేలికే. మీకు చెప్పడమే కష్టం" అంది. అందరితోపాటు నేనూ నవ్వాను. మా అమ్మాయి ఆ వారమే దరఖాస్తు పెట్టేసింది.

అప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదు. అక్కడి హాస్టల్లో మంటలు లేస్తే? వెనకనుంచి బస్సు హారన్ కొడితే? పోలీసు ఆగమని అరిస్తే, తను ఆగకపోతే? పైగా అక్కడి సైగలు కూడా వేరట. నాతో షిఫ్టులో పనిచేసే నిజామాబాద్ మిత్రుడికి చెప్పుకున్నాను.

"నాలుగు నెలలకే గింత పరేషాన్ ఎందుకు భాయ్? కండ్లు మూసి తెరిచేలోపట వస్తది. టికెట్ కొను, ఖలాస్."

"నీ బిడ్డ అయితే తెలిసేది" అన్నాను. అతను టీ గ్లాసు పట్టుకుని అవతలికి వెళ్ళిపోయాడు.

మా ఆవిడది ఇంకో దారి. "దాని భయం దాన్ని పడనివ్వండి. మీదీ దానిదీ కలిపి మీరే పడతారేంటి?" అనేది.

స్కాట్లండ్ వాళ్ళతో మా ఇంటి నుంచే వీడియోలో ఇంటర్వ్యూ పెట్టారు. ఇక్కడి యూనివర్సిటీ తరఫున సైగల్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పే మనిషి ఉండాలి. ఆవిడకు ఆ ఉదయమే జ్వరం వచ్చింది. వాయిదా వేద్దామని మేడమ్ అంటే, "ఎందుకండీ, నేనున్నానుగా" అన్నాను. ఆస్పత్రిలో, బ్యాంకులో, బట్టల షాపులో చిన్నప్పట్నుంచీ తన బదులు మాట్లాడింది నేనే. చాలాసార్లు తనను అడగకుండానే జవాబిచ్చేవాణ్ణి. అదే ప్రేమ అనుకునేవాణ్ణి.

"కొత్త దేశంలో ఒక్కదానివే ఉండాలి. ఇబ్బంది వస్తే ఏం చేస్తావు?" అని అవతలి ఆయన అడిగాడు. సైగ చేసి చెప్పాను. తను గబగబా చేతులు కదిలించింది. రెండేళ్ళుగా రువైస్ నుంచి అబూదాబీకి బస్సులో ఒంటరిగా తిరుగుతున్నాననీ, అవసరమైతే ఫోన్‌లో రాసి చూపిస్తాననీ చెప్పింది. హాస్టల్ గదిలో ఫైర్ అలారానికి లైటు ఉంటుందా, నిద్ర లేపడానికి దిండు కింద కదిలే పరికరం ఇస్తారా అని అడిగింది.

నేను ఇంగ్లీషులో ఇలా అన్నాను: "తనకు కొంచెం భయంగా ఉందట. వచ్చే ఏడాది అయితే నయమేమో అంటోంది."

ముందుగా అనుకుని చెప్పింది కాదు. నోరు తెరిస్తే అదే వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు.

తన చేతులు ఆగిపోయాయి. తను నన్ను చూడటం లేదు, తెర అడుగున చూస్తోంది. అక్కడ నేనన్న మాటలు అక్షరాలుగా నడుస్తున్నాయి. కోవిడ్ రోజుల్లో తను పాఠాలన్నీ ఆ అక్షరాలు చదువుకునే నేర్చుకుంది. అవి ఎలా పెట్టాలో చూపించింది కూడా నేనే. వినేవాళ్ళకు నోటి మాట గాలిలో పోతుందని ధీమా. ఆ ధీమాతోనే మాట్లాడాను.

తను నిదానంగా టైప్ చేసింది: "ఇది మా నాన్నగారి జవాబు. నాది కాదు. ఇంటర్‌ప్రెటర్ వచ్చాక మాట్లాడతాను, దయచేసి ఇంకో రోజు ఇవ్వండి." నమస్కారం పెట్టి తెర మూసేసింది.

నా వైపు తిరిగి, "ఇంతకు ముందు ఎన్నిసార్లు?" అని సైగ చేసింది.

"ఇదే మొదటిసారి" అన్నాను.

వంటగది గుమ్మంలోంచి మా ఆవిడ, "దానికి చెవులు వినపడవు, మీ నోరు ఊరుకోదు. నిజం చెప్పండి" అంది.

చెప్పాను. బాస్కెట్‌బాల్ టీములోకి రమ్మని స్కూల్ మాస్టారు అడిగితే, తనకు ఇష్టం లేదని నేనే చెప్పాను. కోర్సు మార్చుకుంటావా అని కాలేజీలో అడిగితే, వద్దంటోందన్నాను. ఇంకా ఉన్నాయి, కొన్ని నాకే గుర్తులేవు. తను ఏడవలేదు, కోప్పడలేదు. నేను ఆపేవరకూ చూసి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అప్పటిదాకా నేను భయపడింది మంటలకూ బస్సులకూ. ఆ తలుపు ముందు నిలబడితే వేరే భయం పట్టుకుంది. ఇక నా చేతులు ఏం చెప్పినా తను నమ్మదేమో అని.

రెండోసారి ఇంటర్వ్యూకి ఇంటర్‌ప్రెటర్ వచ్చింది. "నువ్వూ ఉండు నాన్నా. నా ఎదురుగా కూర్చో, మాట్లాడకు" అని సైగ చేసింది మా అమ్మాయి. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పాత ప్రశ్నే మళ్ళీ వచ్చింది. ఈసారి పరాయి ఆడమనిషి గొంతులో మా అమ్మాయి మాటలు విన్నాను.

"నాకూ భయమే. అక్కడి సైగలు రావు. నెల రోజులు ఎవరూ నాతో మాట్లాడకపోవచ్చు. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. చెబితే మా నాన్నగారికి ఇంకో కారణం దొరుకుతుంది."

ఇరవై ఏళ్ళు తన బదులు మాట్లాడాను. ఆ భయం సంగతి మాత్రం ఏనాడూ అడగలేదు.

సీటు వచ్చింది. నా భయం తగ్గిందని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. అబూదాబీ ఎయిర్‌పోర్టుకు కారు నడుపుతూ, దారిలో ఎవరు హారన్ కొట్టినా అద్దంలో మా అమ్మాయి వైపే చూశాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి పాస్‌పోర్టు చూసి మా అమ్మాయిని ఏదో అడిగింది. తను చెవి చూపించి ఫోన్ తీసింది. కౌంటర్ అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది, జవాబు నేను చెబుతానేమోనని. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. నేను తల తిప్పుకుని అటు పోతున్న సామాన్ల బండిని చూశాను.

మళ్ళీ చూసేసరికి ఇద్దరూ ఫోన్ మీదికి వంగి ఉన్నారు. ఏమడిగిందో, తను ఏం రాసిందో నాకు తెలియదు.