మబ్బు కింది పచ్చదనం

శివరాజం సార్ ఇక లేరన్న వార్త నాకు ఆఫీసు మెట్ల మీదే తెలిసింది. ముందురోజు సాయంత్రం పడమటి తీరం గురించి పై అధికారితో గొంతు చించుకుని వాదించిన మనిషి, తెల్లవారేసరికి నిశ్శబ్దమైపోయారంటే మనసు ఒప్పుకోలేదు. పైకి వెళ్ళి కంప్యూటర్ తెరిస్తే, ఆనాటి సముద్రపటం ఆయన పేరుతోనే వచ్చి ఉంది. రోజూ దానంతట అదే అందరికీ వెళ్ళేలా ఆయన చేసుకున్న ఏర్పాటు అది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా దాన్ని తెరవడానికి చెయ్యి రాలేదు.

ఆయనను ఎరగనివారి కోసం చెబుతున్నాను. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రాన్ని చూసే ఉద్యోగం మాది. ఉపగ్రహం పట్టిన నీటి రంగును బట్టి తీరం వెంట వృక్షప్లవకాలు, అంటే కంటికి ఆనని నీటి మొక్కలు, ఎంత ఉన్నాయో లెక్కగడతాం. అవి ఎటు కొట్టుకుపోతాయో, వాటిని తిని ఏవి బతుకుతాయో, ఏవి చస్తాయో మోడల్ అనే కంప్యూటర్ లెక్క చెబుతుంది. ఆ మోడల్ సార్ జీవితకాల తపస్సు. ఆయన ఛత్రినాకలో పుట్టి, ఉద్యోగంలో చేరేదాకా సముద్రం ముఖం చూడలేదు. నేను కాకినాడ దాన్ని, అలల పక్కన పెరిగాను. అయినా నీటి రంగు చదవడం నాకు ఆయనే నేర్పారు. "నీకు సముద్రం ఎరుకే గదా, అందుకే సరిగ జూడవు" అని ఏడిపించేవారు.

చేరిన కొత్తలో ఆయన ఒక నది మోసుకొచ్చిన బురదను ప్లవకాలనుకున్నారట. ఒడ్డు దగ్గర మా వాళ్ళు చేసే పొరపాటే అది. ఉపగ్రహానికి బురదనీళ్ళూ పచ్చగానే తోస్తాయి. ప్లవకాలున్న చోటికి చేపలు చేరతాయి కనుక, చేపలున్నాయని జాలర్లకు కబురు పంపారు. పడవలు అంత దూరం వెళ్ళి ఒట్టి వలలతో తిరిగొచ్చాయి. సార్ రైలెక్కి ఆ రేవుకు వెళ్ళి, జాలర్ల ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నారు. అక్కడొక పెద్దాయన నవ్వి, ఆ బురదనీళ్ళే సీసాలో పట్టి చేతికిచ్చాడు. ఆ సీసా చివరిదాకా ఆయన బల్ల మీదే ఉంది.

వానాకాలంలో పడమటి తీరాన్ని మబ్బు కప్పేస్తుంది. పటంలో ఆ మేర నల్లగా వస్తుంది. చుట్టూ ఉన్న రంగుల సగటు తీసి ఆ నలుపును పూడ్చేయడం చాలామందికి అలవాటు, పటం చూడముచ్చటగా ఉంటుంది. సార్ మాత్రం పూడ్చనిచ్చేవారు కాదు. "కనవడకపోతే కనవడలేదని చెప్పు. లేదని చెప్పకు" అనేవారు.

వారిది తరాలుగా గుడి సేవ చేసే కుటుంబం. అక్క బాలమణి గారు బోనాల మరునాడు పచ్చికుండ మీద నిలబడి రంగం చెబుతారు. రాబోయే వానలూ రోగాలూ ఆమె నోట అమ్మవారే పలుకుతుందని బస్తీ అంతా చేతులు జోడించి వింటుంది. అక్క జోస్యం గొప్పదా, మీ మోడల్ గొప్పదా అని ఒకసారి ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు. "అక్క చెప్పింది జరగకపోతే మనమేదో తప్పు జేసినట్టు. నేను చెప్పింది జరగకపోతే తప్పు నాదే" అన్నారు.

చివరి సాయంత్రం వాదన కూడా జోస్యం గురించే. విషపు ప్లవకాలు ఒడ్డు వైపు వస్తున్నాయని మోడల్ చెబుతోంది. అక్కడి రాళ్ళకు అంటుకునే ఆల్చిప్పలు వాటిని తింటాయి, ఆ ఆల్చిప్పలను ఊళ్ళు తింటాయి. కానీ పటంలో ఆ తీరం నల్లగా ఉంది. మబ్బు విడిచాక చూసి హెచ్చరిద్దామన్నారు పై అధికారి. అప్పటికి ఎవరి పళ్ళెంలో ఏముంటుందని సార్ అరిచారు. హెచ్చరిక వెళ్ళలేదు.

నేను ఛత్రినాకలో సార్ ఇంటికి వెళ్ళేసరికి గల్లీలో ఎవరో బోనాల కోసం డప్పులు కాచుకుంటున్నారు. సార్ కూర్చునే కుర్చీకి ఎదురుగా కొత్తగా సున్నం కొట్టిన గోడ ఉంది. బాలమణి గారు ఏడవడం లేదు. ఆ గోడనే చూస్తూ చెప్పారు.

"పొద్దుగాల చాయ్ తాగుకుంట గీ గోడ దిక్కు జూసిండు బిడ్డా. 'అక్కా, పచ్చగైంది, ఒడ్డు దాక వచ్చింది' అన్నడు. గిలాస కింద పెట్టిండు. గంతే."

ఆ మీదట నన్నే అడిగారు. "ఏం ఒడ్డు బిడ్డా? ఈడ మూసీ తప్ప నీళ్ళేడున్నయి?"

నేను గోడ వైపు చూశాను. తెల్లగా ఉంది.

సార్ తరువాత హెచ్చరికలు పంపే బాధ్యత నాది. తిరిగొచ్చి ఎవరినీ అడగకుండా రాశాను. మాకు ఏమీ కనబడలేదు, లెక్క మాత్రం విషం వస్తోందంటోంది, మేం మళ్ళీ చెప్పేదాకా ఆల్చిప్పలు తినవద్దు. పంపాక ఆఫీసులో పెద్ద లొల్లి అయింది. నా ఉద్యోగం పోతుందన్నారు. మర్నాడు ఉపగ్రహం ఆ తీరం మీదుగా వెళ్ళినప్పుడు మబ్బు సరిగ్గా అక్కడే చిరిగింది. దాని కింద పచ్చదనం ఒడ్డును అంటుకుని ఉంది, సార్ మోడల్ ముందే గీసిన వంపుతోనే. ఆ తరువాత మబ్బు మళ్ళీ మూసుకుంది. తీరం నుంచి తెచ్చిన నీటిలో విషం ఉందని తేలింది. ఊళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ రోజు నేను నమ్మింది మోడల్‌నా, ఆ గోడనా? సంతాపసభలో ఈ మాట అనలేకపోయాను. ఇప్పటికీ నాకు తెలియదు.

ఆయన కుర్చీలోకి త్వరలో ఎవరో వస్తారు. రానివ్వండి. చుట్టూ ఉన్న మా అందరి సగటు తీసినా ఆ చోటు నిండదు. దాన్ని నల్లగానే ఉంచుతాను, గురువుగారు నేర్పిన పద్ధతి అదే. పటం మీద పేరు మార్చమని ఆఫీసు వాళ్ళు చెప్పారు, నేను మార్చలేదు. పొద్దున్నే ఆయన పేరుతో అది వస్తుంది. బస్తీ జనం రంగం ముందు నిలబడినట్టు చేతులు జోడించి, ఆ తరువాతే తెరుస్తాను.