కాపెల్లా అంటే ఆడమేక

1966. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లోని ఒక తెలుగు బడిలో నేను సైన్సు చెప్పేవాణ్ణి. ఆ ఏడు టీచర్ ట్రైనింగ్‌కి మా బడి నుంచి ఒక్కరినే సిఫారసు చేస్తామన్నారు. ఎంపిక వైవాతో. అంటే కాగితం, కలం లేకుండా ఎదురుగా నిలబెట్టి ప్రశ్నలడగడం. బడి కమిటీ పెద్దలే పరీక్షకులు.

నా ఆశంతా గౌరి మీదే. తండ్రి రైల్వే వర్క్‌షాపులో బరువులు మోసే ఖలాసీ, తల్లి పక్కనున్న ఝపటాపూర్‌లో మేకలు పెంచేది. సీటు రాకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. ఇష్టమైన విషయం మీద మాట్లాడమంటారని తెలిసి, కాపెల్లా నక్షత్రం గురించి చెబుతానంది. చలికాలం సాయంత్రాల్లో ఉత్తరాన పసుపుగా మెరిసే ఆ చుక్కనే మనవాళ్ళు బ్రహ్మహృదయం అన్నారు.

నేను పట్టుబట్టి దిద్దింది ఒక్కటే. "సుక్క కాదమ్మా, చుక్క." ఆ 'స' విని నవ్వుతారని నా భయం. నవ్వేవాళ్ళకి సందు దొరక్కూడదనుకున్నాను, వెర్రివాణ్ణి.

వైవాలో గౌరి తడబడలేదు. "కాపెల్లా లాటిన్ మాటండి. చిన్న ఆడమేక అని అర్థం. గ్రీకుల కథలో పసిదేవుడికి పాలిచ్చి పెంచిన మేకండి. రోము వాళ్ళు ఆ కథ తీసుకుని చుక్కకి తమ భాషలో పేరు పెట్టుకున్నారు. తరవాత యూరప్ చదువులు లాటిన్‌లోనే సాగాయి కాబట్టి ఆ పేరే నిలిచిపోయిందండి. పక్కనున్న చిన్న చుక్కలు దాని పిల్లలండి."

కమిటీ సెక్రటరీగారు రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. చెయ్యెత్తి ఆపాడు.

"బ్రహ్మహృదయాన్ని పట్టుకుని మేకంటావా?"

"నేననలేదండి. లాటిన్‌లో..."

"మేకల మధ్య పెరిగిన పిల్లకి ఆకాశంలోనూ మేకలే కనిపిస్తాయిలెండి," అన్నాడు పక్కవాళ్ళతో. అందరూ ఘొల్లున నవ్వారు. పుస్తకాల్లో ఉన్న మాటేనని నేను లేచి చెప్పబోయాను. "ఠీక్ హై మాస్టారూ, కూర్చోండి," అన్నాడు. సీటు ఇంకొకరికి పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

గేటు దగ్గర గౌరి నిలబడి ఉంది. ఏడవలేదు.

"మాస్టారూ, నాను సెప్పింది తప్పేటి?"

"అక్షరం తప్పు లేదమ్మా."

"మరి రోమోళ్లు మేకన్నప్పుడు ఎవులూ నవ్వనేదా?"

"నవ్వలేదు. దేవుడికి పాలిచ్చిన మేక కదా."

"సెక్రట్రీగోరి మనవడు మా మేకపాలే తాగతాడు మాస్టారూ. అమ్మ రోజూ అట్టుకెళ్లి ఇచ్చొస్తాది."

ఆ తరవాత ఎంతమందినో వైవాలకి తయారు చేశాను. నాకు తెలిసిందల్లా ఇంతే. ప్రశ్నలు పిల్లనే అడుగుతారు, మార్కులు మాత్రం ఇంటికి వేస్తారు. ఆ మార్కులు తెప్పించే పాఠం ఏ మాస్టారికీ రాదు.