పసుపు పూసిన బ్యాటరీ

మొన్న చీపురుపల్లిలో మా ఇంటి ఇన్వర్టర్‌కి నీళ్ళు పోయడానికి వచ్చిన మనిషి బ్యాటరీ మూతలు తీయగానే, ముక్కును గిల్లే ఆ పుల్లటి వాసన గదంతా నిండింది. మా ఆయన కిటికీలు తెరవడానికి పరుగెత్తాడు. నేను మాత్రం సిగ్గు లేకుండా ఇంకాస్త వంగి గట్టిగా పీల్చాను. ఏం చెయ్యను, నాకది భావనపాడులో మా చిన్ననాటి ఇంటి వాసన.

వేసవిలో సముద్రంలో వేట ఆపేసే రోజుల్లో మా పడవ ఇసుక మీద తాటాకుల కింద పడుకుంటే, దాని బ్యాటరీ మాత్రం ఇంట్లో మాతోనే ఉండేది. ముంజెలు తిని ఆ కాయలతో బండ్లు చేసుకుని, గౌను నిండా జీడిపళ్ళ రసం మరకలు వేసుకుని, ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలకుండా అరుస్తూ ఎంత తిరిగినా, నా మనసంతా మూలనున్న ఆ నల్ల డబ్బా మీదే. తాను కదలని వస్తువు అంత బరువైన ఇంజిన్ని ఎలా కదుపుతుంది? అడిగి అడిగి నాన్న ప్రాణం తీసేదాన్ని. ఆయన విసుక్కోకుండా ఒక చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టి నా చేతికిచ్చాడు.

"నన్నెందుకే అడుగుతావు, దాన్నే అడుగు. ఎలిగితే ఉన్నాదన్నమాట, ఎలగకపోతే నేదన్నమాట."

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అంతకు నాలుగేళ్ళ ముందు నాన్న ఎనిమిది నెలలు గుజరాత్‌లో పరాయి బోట్ల మీద పని చేసి వచ్చాడు. వచ్చిన రోజు ఆయన్ని గుర్తుపట్టక నేను మామ్మ వెనక దాక్కున్నానట. అది ఆయనకి ఎక్కడ గుచ్చుకుందో గానీ, ఉన్నదంతా ఊడ్చి ఆ పాత పడవ కొన్నాడు. పడవ ఆడితే ఇక్కడే ఉంటాడు, ఆడకపోతే కూలీలను తీసుకెళ్ళే మేస్త్రి వెంట మళ్ళీ గుజరాత్ పోతాడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

వేట నిషేధం తీరి తొలివేటకు వెళ్ళే రోజు మామ్మ తెల్లవారకముందే తలస్నానం చేసి, పడవ కంటే ముందు బ్యాటరీకి పూజ పెట్టింది. "ఇంజిన్ని లేపీది ఇదే కదేటి, దీనికి సెయ్యకపోతే ఎలాగ?" అంటూ పైకి పొడుచుకొచ్చిన రెండు సీసపు కొమ్ములకీ పసుపు ముద్ద దట్టంగా పూసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. దండం పెట్టుకునేసరికి పసుపు ఆరిపోయింది. నాన్న బ్యాటరీని భుజాన పెట్టుకుని వెళ్ళి పడవలో దించి, చీకట్లోనే కొమ్ములకి వైర్ల క్లాంపులు బిగించాడు. నేను బల్బు పట్టుకుని వెనకే వెళ్ళాను.

ఇంజిన్ని లేపే సెల్ఫ్ మీట నొక్కితే 'టిక్' అంది, అంతే. మళ్ళీ నొక్కితే మళ్ళీ 'టిక్'. ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. వైర్లన్నీ లాగి చూశాడు, ఎక్కడా తెగలేదు. ఈలోగా మిగతా పడవలు ఒక్కొక్కటే పొగలు చిమ్ముతూ వెళ్ళిపోతున్నాయి. "బ్యాటరీ సచ్చిపోనాదే" అని నాన్న నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"మరి దీపం ఎలాగ ఎలుగుతన్నాది నాన్నా?" అన్నాను. పడవ దీపం నిజంగానే దివ్యంగా వెలుగుతోంది.

నాన్న నా వంక అదోలా చూసి, బల్బు వైర్లు క్లాంపులకి ఆనించమన్నాడు. వెలిగింది. సెల్ఫ్ నొక్కగానే టక్కున ఆరిపోయింది. ఈసారి వైర్ల కొసలు కొమ్ముల నెత్తిన గట్టిగా గుచ్చమన్నాడు. ఇప్పుడు సెల్ఫ్ నొక్కినా బల్బు వెలుగుతూనే ఉంది! కరెంటు కొమ్ము దాకా వస్తోంది, కొమ్మును కరుచుకున్న క్లాంపులోకి మాత్రం సరిగ్గా దాటడం లేదు. ఆ రెండింటి మధ్యా వెంట్రుక దూరే సందు లేదే, ఎక్కడ ఆగిపోతోంది? ఆ క్షణంలో నేను గుజరాత్‌ని కూడా మరిచిపోయాను. నాన్న క్లాంపు ఊడదీశాడు. లోపల చుట్టూతా పెళుసుబారిన పచ్చటి పసుపు.

"ఓలమ్మో! మీ మామ్మ కరెంటుకే పసుపు రాసీసినాదే!" అని నాన్న పడవ బల్ల మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. లుంగీ అంచుతో తుడిచి, ఉప్పుకాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది, మళ్ళీ బిగించాడు. సెల్ఫ్ నొక్కగానే ఇంజిన్ ఒక్క దగ్గు దగ్గి లేచింది. నన్ను దింపుతూ "మామ్మకి సెప్పీకు" అన్నాడు. ఒడ్డున మామ్మ "సూసినావా, పూజ ఊరికే పోద్దేటి?" అని గర్వంగా అందరి వైపూ తిరిగింది. నేను నోరు నొక్కుకున్నాను. ఆ యేడే కాదు, ఆ తర్వాత కూడా నాన్న గుజరాత్ వెళ్ళలేదు.

ఇప్పుడు మా రేవులో ఎక్కువగా తాడు లాగితే లేచే చిన్న ఇంజిన్లే. బ్యాటరీని ఇంటి మనిషిలా మూలన కూర్చోబెట్టుకునే ఇళ్ళు లేవు. మామ్మ పోయింది, పడవని విరగ్గొట్టి అమ్మేశారు. ఇన్వర్టర్ మనిషి వెళ్ళాక, మనసాగక నాన్నకి ఫోన్ చేశాను.

"ఆ రోజు ఇంజిన్ లేవకపోతే నిజంగా గుజరాత్ ఎల్లిపోదువా నాన్నా?"

"సాయంత్రం బండికి టికెట్టు సొక్కా జేబులోనే ఉన్నాది."

"మరి నాకు సెప్పనేదేటి?"

"సెప్తే నీ సెయ్యి ఒణికీదే. బల్బు ఎవులు పట్టుకుందురు?"